కాపర్ పెప్టైడ్ సీరం: రాగి వల్ల చర్మానికి నిజంగా మేలుందా?

నీలిచుక్క
కాపర్ పెప్టైడ్ సీరం కొంతకాలంగా వాడుతున్నాను. ముడతలు తగ్గుతాయని, చర్మం బిగుతుగా అవుతుందని ఎక్కడ చూసినా ఒకటే ఊదరగొడుతున్నారు. మొదట్లో ముఖం తేటగా, మెత్తగా అనిపించిన మాట నిజమే. ఇప్పుడు మాత్రం బుగ్గలు ఎర్రబడుతున్నాయి. కళ్ల కింద సన్నగీతలు ఇదివరకటికంటే బాగా కనిపిస్తున్నాయి. ఉదయం విటమిన్ సి రాసి, అది ఆరగానే దానిమీదే ఈ నీలం సీరం. రాత్రి చర్మం పైపొరని ఊడదీసే గ్లైకోలిక్ యాసిడ్, మళ్లీ ఇదే సీరం. అమ్మినవాళ్లని అడిగితే "చర్మం అలవాటు పడుతోంది, మధ్యలో ఆపకండి" అన్నారు. ఒళ్లు మండిపోయింది. అసలు రాగితో చర్మానికి మేలుందా, లేక సీసాలో నీలం రంగు చూపించి అమ్ముతున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

రెటినాల్_రాణి
ముఖం ఎర్రబడుతుంటే ఆపొద్దనడం ఏంటండీ! ముందు అన్నీ పక్కన పెట్టండి. ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. ఎరుపు పూర్తిగా తగ్గాక రాగి సంగతి చూద్దాం.

పాతకాపు
ఇదంతా మార్కెటింగ్ మాయ. పైన రాసింది లోపలికి ఎక్కడ దిగుతుంది? చర్మం ఉన్నదే బయటివి లోపలికి రాకుండా ఆపడానికి. ఒక మంచి సన్‌స్క్రీన్ కొనుక్కుని మిగతా డబ్బు దాచుకోండి.

ల్యాబ్‌కోటు
పాతకాపు గారూ, సన్‌స్క్రీన్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ రాగిని మాయ అని కొట్టిపారేయలేం.

చర్మంలోని కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడితేనే చర్మానికి పటుత్వం. ఆ ముడి వేయించే ఎంజైమ్ లైసిల్ ఆక్సిడేజ్. రాగి లేకపోతే అది పనిచేయదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే టైరోసినేజ్‌కీ రాగి కావాలి. ఎండ తగిలినప్పుడు పుట్టి కణాలని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని అణిచే సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ ఉందే, అందులో ఒక రకం రాగి, జింక్ రెండింటితోనూ నడుస్తుంది. రాగి అందకపోతే ఏమవుతుందో మెంకీస్ వ్యాధిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఏటీపీ7ఏ అనే జన్యువులో లోపంతో పుట్టిన పిల్లలకి ఆహారంలోని రాగి ఒంటికి పట్టదు. వాళ్ల చర్మం వదులుగా వేలాడుతుంది, జుట్టు రంగు వెలిసి, మెలితిరిగి, ముట్టుకుంటే తెగిపోతుంది.

అయితే ఒంట్లో రాగి ఉండాలనడం వేరు, ముఖానికి రాస్తే వయసు తగ్గుతుందనడం వేరు. అమ్మేవాళ్లు మొదటిది చెప్పి రెండోది నమ్మిస్తారు. మామూలుగా తిండి తినే ఆరోగ్యవంతుడి చర్మంలో ఈ ఎంజైమ్‌లకి రాగి కరువేమీ ఉండదు.

కుతూహలం
మరి ఆ పెప్టైడ్ ఎందుకు? రాగి చాలదా?

ల్యాబ్‌కోటు
విడి రాగి అయాన్ చర్మాన్ని రేపుతుంది, పైగా తనే ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది. దాన్ని పట్టుకుని ఉండే జత ఒకటి కావాలి. 1973లో లోరెన్ పికార్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మనిషి రక్తపు ప్లాస్మాలో ఒక చిన్న పెప్టైడ్‌ని, అంటే అమైనో ఆమ్లాల గొలుసుని, గుర్తించారు. గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్, మూడే మూడు అమైనో ఆమ్లాలు. అందుకే జీహెచ్‌కే అంటారు. దానికి రాగి అంటే మహా ఇష్టం, దొరికితే అతుక్కుపోతుంది. 20 ఏళ్ల వయసులో మిల్లీలీటరు ప్లాస్మాకి సుమారు 200 నానోగ్రాములు ఉండేది, 60 వచ్చేసరికి 80కి పడిపోతుందని లెక్క. "వయసుతో తగ్గేదాన్ని తిరిగి ఇస్తున్నాం" అనే ప్రకటనలన్నీ ఈ అంకెల మీద కట్టినవే.

మొటిమల_శత్రువు
నీలిచుక్క గారు విటమిన్ సి మీదే ఇది రాస్తున్నారు కదా, అసలు అలా కలపొచ్చా? ఒకరు కలపమంటారు, ఒకరు వద్దంటారు. నాకూ ఇదే టెన్షన్.

ఫార్ములా_గది
క్రీములు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఇది నేను చెప్తాను.

విటమిన్ సి అసలు రూపం ఆస్కార్బిక్ యాసిడ్. అది చర్మంలోకి దిగాలంటే సీరం పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3.5 కంటే తక్కువ ఉండాలి. కాపర్ పెప్టైడ్‌కి కాస్త అటూ ఇటూగా 5.5 నుంచి 7 వరకు ఉంటే హాయి. పీహెచ్ బాగా దిగితే పెప్టైడ్ పట్టు సడలి రాగి విడిపోతుంది. విడిపోయిన రాగి విటమిన్ సిని వేగంగా ఆక్సీకరించి పాడుచేస్తుంది. ఇది నష్టమూ, అది నష్టమూ. మీ ముఖం మీద జరుగుతున్నది దాదాపు ఇదే అయ్యుంటుంది.

నమ్మకం కుదరకపోతే తెల్ల పింగాణీ ప్లేటులో కాపర్ సీరం ఒక చుక్క వేయండి. పక్కనే విటమిన్ సి సీరం చుక్క వేసి, పుల్లతో రెండూ కలపండి. ఆకాశం రంగులో ఉన్నది చూస్తుండగానే వెలిసిపోతుంది. కాసేపు వదిలేస్తే పసుపు తిరుగుతుంది. కలిపినా నీలం చెక్కుచెదరకుండా ఉందంటే ఆ రంగు రాగిది కాకపోవచ్చు, సీసా వెనక సీఐ 42090 అని ఉందేమో చూడండి. అది నీలం రంగు డై.

మొటిమల_శత్రువు
ఇప్పుడే చేశాను. వెలిసిపోయింది! ఇంట్లో అందరినీ పిలిచి చూపించా, మా తమ్ముడు "ఇంకో చుక్క వెయ్" అంటూ సగం సీసా ఖాళీ చేసేలా ఉన్నాడు.

రెటినాల్_రాణి
తమ్ముడి చేతికి సీసా ఇవ్వకు తల్లీ.

అద్దం_ముందు
నా అనుభవం కూడా రాస్తాను. ట్రెటినాయిన్ (రెటినాయిడ్, అంటే విటమిన్ ఏ జాతి మందు) మొదలుపెట్టినప్పుడు ముక్కు పక్కన, గడ్డం మీద పొరలు పొరలుగా ఊడేది. మాట్లాడితే చాలు పెదవుల చివర చురుక్కుమనేది. డాక్టర్ చెప్పి ట్రెటినాయిన్ రోజు మార్చి రోజు చేశారు. అది రాయని రాత్రుల్లో కాపర్ పెప్టైడ్ క్రీమ్ వాడాను. ఊడటం తగ్గింది, చర్మం కుదురుకుంది. ముడతలు పోయాయని మాత్రం చెప్పను, నాకేమీ తేడా కనిపించలేదు.

పాతకాపు
రోజు మార్చి రోజు చేసినందుకే తగ్గి ఉంటుంది కదమ్మా. రాగికి ఎందుకు పేరు?

అద్దం_ముందు
కావచ్చండి. మామూలు మాయిశ్చరైజర్‌తో పక్కపక్కన పోల్చి చూడలేదు కాబట్టి వాదించను.

కుతూహలం
పాతకాపు గారు అడిగింది సబబే. మనుషుల మీద చేసిన పరీక్షలు ఏమైనా ఉన్నాయా, లేక అన్నీ గాజు గిన్నెల్లోనేనా?

ల్యాబ్‌కోటు
రెండూ ఉన్నాయి. 1988లో ఫ్రాన్స్‌లో మకార్ బృందం కొల్లాజెన్ తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద ఈ రాగి-పెప్టైడ్ జంటని పరీక్షిస్తే కొల్లాజెన్ తయారీ పెరిగింది. అందులో నాకు ముఖ్యంగా అనిపించే విషయం మోతాదు. లీటరుకు ఒక నానోమోల్ దగ్గరే ఫలితం గరిష్ఠానికి చేరింది. అంటే అణుమాత్రం. "మాది 3 శాతం, వాళ్లది 1 శాతమే" అని పోటీపడి అమ్మేవాళ్లు ఈ మాట ఎప్పుడూ చెప్పరు.

1998లో తొడ చర్మం మీద క్రీములు రాసి, నెల తర్వాత చిన్న ముక్క తీసి చూశారు. కొల్లాజెన్ పెరిగినవాళ్లు రాగి పెప్టైడ్ క్రీమ్‌తో 70 శాతం, విటమిన్ సితో 50, ట్రెటినాయిన్‌తో 40. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ పాల్గొన్నవాళ్లు కొద్దిమంది, చూసింది నెలరోజులే. ట్రెటినాయిన్ అసలు ప్రతాపం నెలల తరబడి వాడితే గానీ తెలియదు. ఈ ఒక్క అంకె పట్టుకుని "రెటినాయిడ్‌ని మించింది" అని రాయడం అన్యాయం.

ఇక 2006లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ చేయించుకున్నవాళ్ల మీద చేసిన పరీక్ష ఉంది. రాగి పెప్టైడ్ వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ ఎరుపు తగ్గడంలో గానీ, ముడతల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ వాడినవాళ్లు తమ చర్మం మరింత బాగుపడిందని తృప్తిగా చెప్పారు.

పాతకాపు
అదీ సంగతి. తృప్తి కొనుక్కున్నారు.

ల్యాబ్‌కోటు
అంత తేలిగ్గా తీసేయకండి. కొలతకి అందని మెత్తదనం, తేమ మనిషికి తెలుస్తాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ముడతలకి మొదటి మందు సన్‌స్క్రీన్, రెండోది రెటినాయిడ్. కాపర్ పెప్టైడ్ వాటి పక్కన నిలబడే సహాయకుడు. రెటినాయిడ్ పడనివాళ్లకి, చర్మం త్వరగా రేగేవాళ్లకి పనికొచ్చే వస్తువు. అంతకుమించి ఆశించి కొంటే బాధపడతారు.

ఫార్ములా_గది
పాతకాపు గారి మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు, లోపలికి దిగుతుందా అని. సుమారు 500 డాల్టన్ల (అణువు బరువు కొలత) కంటే చిన్న అణువులే చర్మం పైపొర దాటగలవని ఒక లెక్క ఉంది. రాగితో కలిసిన జీహెచ్‌కే దాదాపు 400. సైజు సరిపోతుంది. కానీ అది నీటిని ఇష్టపడే అణువు, పైపొర చూస్తే కొవ్వుతో నిండి ఉంటుంది. కాబట్టి దిగేది తక్కువ. అందుకే ఏ బేస్‌లో కలిపారన్నది శాతం కంటే ముఖ్యం. రేగిన చర్మంలో, లేజర్ చేసిన చర్మంలో పైపొర బలహీనంగా ఉంటుంది కాబట్టి ఎక్కువ దిగుతుంది.

సూదిమందు
అలాగైతే ఇంట్లో డెర్మారోలర్ (సన్న సూదులున్న రోలర్) తిప్పి రాస్తే సరి! ఇంజెక్షన్ వయల్స్ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ఎవరైనా వాడారా?

ల్యాబ్‌కోటు
వద్దు. దయచేసి వద్దు. పైన రాసుకోవడానికి చేసిన సీరం సూది రంధ్రాల్లోకి పోవడానికి చేసినది కాదు. అందులోని ప్రిజర్వేటివ్‌లు, సువాసనలు లోపలికి వెళ్తే ఇన్ఫెక్షన్లు, నెలల తరబడి పోని గడ్డలు వస్తాయి. ఆ వయల్స్ మీద "పరిశోధనకు మాత్రమే" అని రాసి ఉంటుంది చూడండి. శుద్ధి చేశారో లేదో ఎవరికీ పూచీ లేదు.

రెటినాల్_రాణి
ఈ పోస్ట్ పైన పిన్ చేయాలి.

చిన్నారి_అమ్మ
నాకు బుగ్గల మీద మంగు ఉంది. మెలనిన్‌కి రాగి కావాలని పైన ల్యాబ్‌కోటు గారు రాశారు. అయితే రాగి రాస్తే మచ్చలు ఇంకా నల్లబడవా? చదివినప్పటి నుంచి భయంగా ఉంది. కోజిక్ యాసిడ్ క్రీమ్ వాడుతున్నాను.

ల్యాబ్‌కోటు
మంచి ప్రశ్న అడిగారు. టైరోసినేజ్‌కి కావాల్సిన రాగి కణాలే లోపల సమకూర్చుకుంటాయి. బయట ఎక్కువ ఉన్నంత మాత్రాన ఆ ఎంజైమ్ రెచ్చిపోదు. అందుచేత ఆ భయం అక్కర్లేదు. మంగుని నల్లబరిచేది ఎండ, వేడి, చర్మం రేగడం. ఏ సీరమైనా సరే, మంట పుట్టిస్తే మచ్చ ముదురుతుంది. మీరు చూసుకోవాల్సింది అది.

కోజిక్ యాసిడ్ విషయంలో ఒక చిక్కు ఉంది. అది పనిచేసేదే టైరోసినేజ్‌లోని రాగిని పట్టుకుని. దాని మీదే రాగి సీరం పోస్తే అది ఈ రాగిని పట్టుకుంటుంది. ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటాయి. మంగు మీకు ముఖ్యం కాబట్టి కోజిక్ ఉంచండి, రాగి వదిలేయండి.

చిన్నారి_అమ్మ
చాలా థ్యాంక్స్ అండీ. కార్ట్‌లో పెట్టింది తీసేశాను.

నిద్రమత్తు
నాకు ఈ సీరంల గొడవే పడదు. రాగి కలిపిన దిండు గలీబు వాడితే నిద్రలోనే ముడతలు తగ్గుతాయట కదా?

మొటిమల_శత్రువు
ముందు మీ గలీబు మీద ముడతలు పోగొట్టండి, తర్వాత ముఖం సంగతి 😄

ల్యాబ్‌కోటు
అది పూర్తిగా కట్టుకథ కాదు. కాపర్ ఆక్సైడ్ పోగుల్లో కలిపి నేసిన గలీబుల మీద 2009లో నాలుగు వారాల పరీక్ష వచ్చింది. మామూలు గలీబుతో పోల్చి, ఎవరిది ఏదో తెలియకుండా చేశారు. కళ్ల పక్క గీతలు కొద్దిగా తగ్గాయన్నారు. కానీ పరిశోధనలో ఆ బట్ట తయారుచేసే కంపెనీ వాళ్లే ఉన్నారు. బయటివాళ్లు పెద్ద ఎత్తున చేసి చూపించేదాకా దీన్ని నమ్మి డబ్బు పెట్టమని నేను చెప్పను.

రాగికి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉందన్నది మాత్రం గట్టి మాట. రాగి మిశ్రమ లోహాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2008లోనే ఆ కోవలో నమోదు చేసింది.

మొటిమల_శత్రువు
అయితే నా మొటిమలకి?

రెటినాల్_రాణి
తలుపు పిడి మీద బ్యాక్టీరియా చావడం వేరు, రంధ్రం లోపల మూసుకుపోయిన మొటిమ వేరు. నువ్వు బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ వదిలిపెట్టకు. బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న పూట కాపర్ పెప్టైడ్ కూడా వద్దు, అది ఆక్సీకరించే రకం, పెప్టైడ్‌ని బతకనివ్వదు.

నీలిచుక్క
అందరికీ థ్యాంక్స్. రాణి గారు చెప్పినట్టు అన్నీ ఆపాను, ఎరుపు బాగా తగ్గింది. కళ్ల కింద గీతలు కూడా పలచబడ్డాయి. ఇప్పుడు సీరం వెనక చదివితే కాపర్ ట్రైపెప్టైడ్-1 అని చివర్లో ఎక్కడో ఉంది. దానికి ముందే డైసోడియం ఈడీటీఏ. ఇది మంచిదేనా? ఇంకో మాట, ఇంగ్లిష్ ఫోరమ్‌లలో "కాపర్ అగ్లీస్" అని చూశాను. రాగి ఎక్కువైతే చర్మం సాగిపోయి ముసలిరూపు వస్తుందట. నాకు వచ్చింది అదేనా?

ఫార్ములా_గది
ఈడీటీఏ లోహాలని పట్టి బంధించే పదార్థం. ఎక్కువ ఉంటే పెప్టైడ్ చేతిలోంచి రాగిని లాగేసుకుంటుంది. కాపర్ పెప్టైడ్ మీద శ్రద్ధ ఉన్న ఫార్ములేటర్ దాన్ని వేయడు. కాపర్ ట్రైపెప్టైడ్-1 అంటే రాగితో కలిసిన జీహెచ్‌కేనే, అది చివర్లో ఉండటం మాత్రం తప్పు కాదు. 1 శాతం లోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు, పైగా దీనికి కావాల్సిందే కొంచెం.

ల్యాబ్‌కోటు
"అగ్లీస్" గురించి: ఈ పెప్టైడ్ కొత్త కొల్లాజెన్ కట్టించడంతోపాటు పాత కొల్లాజెన్‌ని తొలగించే ఎంజైమ్‌లనీ కదిలిస్తుందని కణాల మీద చేసిన పరీక్షల్లో ఉంది. దాన్ని పట్టుకుని "ఎక్కువైతే చర్మం కరిగిపోతుంది" అనే కథ అల్లారు. మనుషుల మీద పరీక్షల్లో అలా జరిగినట్టు ఎక్కడా రాలేదు. మీ గీతలు మాయిశ్చరైజర్‌తోనే పలచబడ్డాయంటే అవి ముడతలు కావు. యాసిడ్లకి పైపొర దెబ్బతిని, తేమ ఆరిపోయి పడ్డ గీతలు.

నీలిచుక్క
హమ్మయ్య. మరి మళ్లీ మొదలుపెట్టాలంటే?

రెటినాల్_రాణి
ముందు చెవి వెనకో, మోచేతి లోపలో రాసి కొన్ని రోజులు చూడండి. ఏమీ కాకపోతే ఉదయం విటమిన్ సి, సన్‌స్క్రీన్. రాత్రి ముఖం కడిగి, కాపర్ సీరం, పైన మాయిశ్చరైజర్. గ్లైకోలిక్ రాసే రాత్రి రాగి ముట్టుకోవద్దు. ఫలితం మూడు నెలలకి ముందు చూసుకోవద్దు.

కుతూహలం
నియాసినమైడ్‌తో?

ఫార్ములా_గది
నిశ్చింతగా. రెండింటి పీహెచ్ దగ్గర దగ్గరే. హైలురోనిక్ యాసిడ్‌తో కూడా, పేరులో యాసిడ్ ఉందని భయపడక్కర్లేదు.

జుట్టుపోతోంది
తల మీద రాస్తే జుట్టు వస్తుందా? అదొక్కటి చెప్పండి చాలు.

ల్యాబ్‌కోటు
ఏహెచ్‌కే అని ఇంకో రాగి పెప్టైడ్ ఉంది. వెంట్రుక కుదురు దగ్గరి కణాలు దానితో బాగా పెరిగాయని ల్యాబ్ పరీక్షల్లో వచ్చింది. తల మీద నిరూపించుకున్నది మాత్రం మినాక్సిడిల్. దాన్ని ఆపి దీనికి మారకండి. ముందు జుట్టు ఎందుకు పోతోందో డాక్టర్‌తో చూపించుకోండి, ఐరన్, థైరాయిడ్ పరీక్షలతో సహా.

పాతకాపు
ఇన్ని చదివాక ఒకటి ఒప్పుకుంటా, ఇందులో విషయం ఉంది. కానీ నా సన్‌స్క్రీన్ నాది. ఒక సందేహం. మా కోడలు గర్భిణి, తను ఇదే వాడుతోంది. పరవాలేదా?

ల్యాబ్‌కోటు
రెటినాయిడ్‌కి ఉన్నట్టు దీనికి నిషేధం లేదు. కానీ గర్భిణుల మీద సరైన పరీక్షలూ లేవు. తన డాక్టర్‌కి సీసా చూపించి అడగమనండి. ఇంట్లో ఎవరికైనా విల్సన్ వ్యాధి ఉంటే, అంటే ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు, వాళ్లు కూడా అడగకుండా వాడకూడదు.

పాతకాపు
ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. తన సీసా కిటికీ దగ్గర పెడుతుంది, ఎండ తగులుతుంది. దానికేమైనా అవుతుందా?

ఫార్ములా_గది
అక్కడి నుంచి తీసేయమనండి. వేడికి, వెలుతురుకి దూరంగా, మూత బిగించి పెట్టాలి. నీలం కాస్తా పచ్చగానో గోధుమ రంగుగానో తిరిగితే ఎంత మిగిలినా పారేయాలి.